అమెరికా పబ్లిక్ లైబ్రరీకి ఇమిగ్రేషన్ అధికారులు వస్తే కౌంటర్‌లో ఉన్నవారు ఏం చేయాలి?

ప్రశ్న: పెన్నాతీరం, కడప

అందరికీ నమస్కారం. నేను కడప జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖల్లో గ్రంథపాలకురాలిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మా అక్క కూతురు న్యూజెర్సీలోని ఒక చిన్న పట్టణంలో పబ్లిక్ లైబ్రరీ కౌంటర్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకోవడానికి కంప్యూటర్ల దగ్గర కూర్చునేవాళ్లు, పిల్లలను కథలు వినిపించడానికి తీసుకువచ్చే తల్లులు, ఇలా అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఇతర దేశాల నుంచి వెళ్లి స్థిరపడినవారే. ఇమిగ్రేషన్ చట్టాలను అమలుచేసే ఐస్ అధికారులు లైబ్రరీకి వస్తే ఎలా నడుచుకోవాలో ఈమధ్య సిబ్బంది అందరికీ శిక్షణ ఇచ్చారట. అధికారి కాగితం చూపించినంత మాత్రాన లోపలి గదుల్లోకి రానివ్వకూడదని, ఏ పాఠకుడి వివరాలూ నోటిమాటగా చెప్పకూడదని, వెంటనే పైఅధికారిని పిలవాలని చెప్పారట.

మన శాఖల్లో గేటు దగ్గర పుస్తకంలో వచ్చినవారందరూ పేరు రాసి సంతకం చేస్తారు, దాన్ని ఎవరు తిరగేసినా అడిగేవారు ఉండరు. పోలీసు వచ్చి అడిగితే కాదనడమనే ఆలోచనే మన ఉద్యోగుల్లో చాలామందికి రాదు. అందుకే ఆ అమ్మాయి చెప్పినది విని నాకు దిగులు కలిగింది. ప్రభుత్వ అధికారికి ఒక మామూలు ఉద్యోగి ఇలా అడ్డు చెప్పవచ్చా, చెబితే తన ఉద్యోగానికీ తనకూ ముప్పు రాదా అన్నది నా మొదటి సందేహం. రెండవది, మా అక్క, బావగారు వచ్చే నెలలో విజిటర్ వీసా మీద అక్కడికి వెళుతున్నారు. పగలంతా వాళ్లకు లైబ్రరీయే కాలక్షేపం. ఈ పరిస్థితుల్లో వెళ్లకుండా ఉండటమే మేలంటారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: అనంతపాఠకుడు

అమ్మా, నమస్కారం. మాది అనంతపురం. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీలో పనిచేస్తున్నాను కనుక మీ అక్క కూతురు పొందిన శిక్షణలాంటిదే నేనూ పొందాను. ఆమెకు చెప్పినది అధికారులను ఎదిరించమని కాదు, తన చేతిలో లేని అనుమతిని తాను ఇవ్వవద్దని. ఈ తేడా మనసులో నిలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది.

ముందుగా భవనం సంగతి. చదువుకునే హాలు, పుస్తకాల అరల మధ్య, కంప్యూటర్ల దగ్గర ఎవరైనా తిరగవచ్చు కనుక అధికారులు కూడా రావచ్చు, ఎవరినైనా పలకరించవచ్చు. వారి దగ్గర ఒక వ్యక్తి పేరుతో ఇమిగ్రేషన్ శాఖ జారీచేసిన అరెస్టు వారంటు ఉంటే ఆ హాలులోనే అతణ్ణి అదుపులోకి తీసుకోవచ్చు, దాన్ని లైబ్రరీ ఆపలేదు. పాఠశాలలు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్ల ఇలాంటి చర్యలకు పరిమితులు పెట్టిన విధానాన్ని 2025 జనవరిలో రద్దు చేశారు కనుక ఆ ఆసరా కూడా ఇప్పుడు లేదు. అయితే సిబ్బంది గదులు, ఆఫీసు, తాళం వేసి ఉంచే భాగాల సంగతి వేరు. అక్కడికి రావాలంటే కోర్టు ఇచ్చిన వారంటు కావాలి, లేదా లైబ్రరీ తరఫున మాట్లాడే అధికారం ఉన్నవారు ఒప్పుకోవాలి. చదువుకునే హాలుకూ లోపలి గదులకూ మధ్య గీత కంటికి కనబడాలి కాబట్టే మా లైబ్రరీలో ఇదివరకు బోర్డు లేని తలుపుల మీద కూడా ‘సిబ్బందికి మాత్రమే’ అని రాయించారు.

ఇక కాగితం సంగతి. ఐస్ వారు తరచుగా తెచ్చేవి ఐ-200, ఐ-205 అనే ఫారాలు. మొదటిది అరెస్టుకు, రెండవది దేశం నుంచి పంపివేయడానికి. రెండింటి మీదా వారంటు అనే పేరే ఉంటుంది, కానీ సంతకం ఇమిగ్రేషన్ శాఖ అధికారిది. ఆ కాగితం ఒక్కటీ చూపి లోపలి గదుల్లోకి రావడానికి వీలులేదని లైబ్రరీల న్యాయవాదులు మాకు మళ్లీ మళ్లీ చెబుతారు. కోర్టు వారంటు మీద కోర్టు పేరు, న్యాయమూర్తి లేదా మేజిస్ట్రేటు సంతకం, సోదా చేయవలసిన చోటు, వెతకవలసిన వస్తువు స్పష్టంగా ఉంటాయి. ఫెడరల్ కోర్టు సోదా వారంటును 14 రోజులలోపు అమలుచేయాలి కనుక తేదీ కూడా చూడాలి. ఇమిగ్రేషన్ జడ్జి అనే మాట చూసి పొరబడేవారు ఉంటారు. ఆ జడ్జి న్యాయశాఖ కింద పనిచేసే ఉద్యోగి, ఆ సంతకం ఈ పనికి కోర్టు సంతకం కింద లెక్కకు రాదు.

ఇవన్నీ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నిలబడి తేల్చవలసినవి కావు. ఆమె చేయవలసిందల్లా వచ్చినవారి గుర్తింపు కార్డు అడిగి, ఏ సంస్థ నుంచి వచ్చారో రాసుకుని, ‘దీనికి జవాబు చెప్పే అధికారం నాకు లేదు, మా డైరెక్టర్‌ను పిలుస్తాను’ అని మర్యాదగా చెప్పడమే. వారి కోటు మీద ‘పోలీస్’ అని ఉండవచ్చు, స్థానిక పోలీసులని అనుకోకుండా సంస్థ పేరు అడగాలి. చేయకూడనివి కూడా అంత ముఖ్యం. అబద్ధం చెప్పకూడదు, ఎవరినీ దాచకూడదు, వెనుక తలుపు గుండా పంపకూడదు, అడ్డంగా నిలబడకూడదు, కాగితాలు చింపకూడదు. అవి ఫెడరల్ నేరాలు కాగలవు. మాట వినకుండా వారు లోపలికి వెళ్లినా చేయి అడ్డుపెట్టకుండా, ‘నేను అనుమతి ఇవ్వడం లేదు’ అని పలికి, జరిగినదంతా సమయంతో సహా రాసి ఉంచాలి.

అమ్మా, పాఠకుల వివరాలకు న్యూజెర్సీలో స్పష్టమైన చట్టమే ఉంది. పాఠకుడి పేరుతో ముడిపడిన లైబ్రరీ రికార్డులు గోప్యమైనవి. పాఠకుడు స్వయంగా అడిగినప్పుడు, లైబ్రరీ పని నడవడానికి అవసరమైనప్పుడు, కోర్టు సమన్లు లేదా ఉత్తర్వు ఉన్నప్పుడు తప్ప ఇవ్వకూడదు. కాబట్టి మీ అమ్మాయి నోటిమాటగా చెబితేనే చట్టం తప్పినట్టవుతుంది, చెప్పకపోతే కాదు.

జవాబు: బురుజు, కర్నూలు

పైన చెప్పిన వివరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. నేను కర్నూలులో న్యాయవాదిని కనుక మేడమ్ గారు మన శాఖల గురించి అన్న మాట మీద కొంత చెప్పదలచుకున్నాను. అడిగిన వెంటనే ఇచ్చేయడమే మన చట్టం అనుకోవడం సరికాదు.

నేర విచారణలో ఒక పత్రం కావాలంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ ప్రకారం కోర్టు సమన్లు ఇవ్వవచ్చు, లేదా పోలీస్ స్టేషన్ ఇన్‌చార్జి అధికారి లిఖితపూర్వకంగా ఆదేశించవచ్చు. 2024 జూలై 1కి ముందు పాత నేర విచారణ స్మృతిలో ఇది 91వ సెక్షన్. అంటే అమెరికాలో వలె ప్రతిసారీ న్యాయమూర్తి సంతకం అక్కరలేదు, స్టేషన్ అధికారి సంతకమే చాలు. కానీ రాత అన్నది ఉండాలి. కానిస్టేబుల్ వచ్చి ‘ఆ రిజిస్టర్ ఇటివ్వండి’ అనడం రాత కాదు. మన 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రధానంగా సంస్థల ఏర్పాటు, సెస్సు, పాలన గురించినది. పాఠకుడి గోప్యతకు మనం ఆశ్రయించవలసింది 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఇచ్చిన తీర్పును. గోప్యత ప్రాథమిక హక్కు అని, దానిలో జోక్యానికి చట్టం ఆధారం, సరైన ప్రయోజనం, మోతాదు మించకపోవడం ఉండాలని ఆ తీర్పు చెప్పింది. ఒక మనిషి ఏం చదువుతున్నాడన్నదానికంటే అంతరంగమైన విషయం ఏముంటుంది? జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి ఒక్క సర్క్యులర్ ఇచ్చి, రాతపూర్వక ఆదేశం లేనిదే రిజిస్టర్ చూపవద్దని, చూపినప్పుడు తేదీతో నమోదు చేయాలని చెబితే శాఖల్లోని ఉద్యోగులకు ఎంతో అండగా ఉంటుంది. ఇది చేయవలసిన పని అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలో కూడా ఈ జాగ్రత్త ఇప్పుడు పుట్టినది కాదు. పేలుడు పదార్థాల మీద పుస్తకాలు ఎవరు తీసుకెళ్లారో చెప్పమని 1970లో ట్రెజరీ శాఖ ఏజెంట్లు మిల్వాకీ లైబ్రరీని అడిగారు. ఆ తరువాత, 1971లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ రికార్డుల గోప్యత విధానాన్ని ఆమోదించింది. 2005లో కనెక్టికట్‌లో నలుగురు గ్రంథాలయ నిర్వాహకులు ఎఫ్‌బీఐ ఇచ్చిన జాతీయ భద్రతా లేఖ (కోర్టు అనుమతి లేకుండానే వివరాలు కోరే ఉత్తర్వు) మీద కోర్టుకు వెళ్లారు. ఆ లేఖ అందిందని బయటికి చెప్పడానికి కూడా వీలులేని నిషేధం వారి మీద ఉండేది. 2006లో ఆ నిషేధం తొలగింది, ఎఫ్‌బీఐ తన కోరికను విరమించుకుంది. మీ అమ్మాయి అందుకున్న శిక్షణ వెనుక ఇంత అనుభవం ఉంది.

పెన్నాతీరం, కడప

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మాయికి ఈ జవాబులు పంపాను. మా అక్క, బావగారి విషయం, లైబ్రరీలో మిగిలిపోయే వివరాల విషయం కూడా కొంచెం చెబితే సంతోషిస్తాను. నా సర్వీసులో రిజిస్టర్లు భద్రం చేయడమే ధర్మమని నేర్పారు, అమ్మాయి పనిచేసే లైబ్రరీ వారేమో పాఠకుల వివరాలను చెరిపేయమంటున్నారట.

జవాబు: అనంతపాఠకుడు

అమ్మా, మీ అక్కగారు, బావగారు లైబ్రరీకి తప్పక వెళ్లవచ్చు. చట్టబద్ధమైన వీసాతో, గడువు లోపల ఉన్నవారు ఇంట్లో దాక్కోవలసిన అవసరం లేదు. అయితే 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలన్నది అక్కడి చట్టం. సందర్శకులకు ఆ పత్రం ఐ-94. విమానం దిగిన తరువాత ప్రభుత్వ వెబ్‌సైటులో దొరికే ఆ కాగితాన్ని ముద్రించుకుని, పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీల నకళ్లతో పాటు సంచిలో పెట్టుకోమనండి. ఉండగలిగే చివరి తేదీ వీసా మీద కాక ఐ-94 మీద చూడాలి, మనవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ఒకవేళ అదుపులోకి తీసుకుంటే భారత కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం వారికి ఉంది. భాష రాని పెద్దవాళ్లు కంగారులో అర్థం కాని కాగితం మీద సంతకం చేయకపోవడం మంచిది.

రికార్డుల విషయంలో మీరు నేర్చుకున్నదీ, అక్కడ చెరిపేయడమూ రెండూ ధర్మమే. పుస్తకం ఎక్కడుందో తెలియాలి కనుక అది బయట ఉన్నంతకాలం పేరు ఉంచుతారు. తిరిగి వచ్చిన తరువాత ఆ పేరుతో లైబ్రరీకి పని లేదు కనుక చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ ఆ ముడిని తెంపేస్తుంది. లేని రికార్డును ఏ కోర్టు ఉత్తర్వు వచ్చినా ఇవ్వలేరు. కానీ ఈ చెరిపివేత రోజూ జరిగే పద్ధతిగా, ముందే రాసిన నియమం ప్రకారం ఉండాలి. సమన్లు వచ్చిన తరువాత చెరిపితే అది సాక్ష్యాన్ని నాశనం చేయడమే. ఎవరూ పట్టించుకోని చోట్లలో వివరాలు మిగిలిపోతుంటాయి. ఇంగ్లీషు తరగతికి సంతకాలు తీసుకున్న కాగితం, కంప్యూటర్ కోసం పేర్లు రాసిన పలక, రిజర్వు చేసిన పుస్తకాల మీద అంటించిన పేరు చీటీలు అలాంటివే. వాటిలో అవసరం లేనివి తీసేయడం మా లైబ్రరీలో అన్నిటికంటే ఉపయోగపడిన పని. సీసీ కెమెరా దృశ్యాలు లైబ్రరీ రికార్డు కిందికి వస్తాయా రావా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక దాన్ని న్యాయవాదినే అడగాలి.

ఈ విషయం నాకు ఇంత దగ్గరగా తోచడానికి కారణం మా ఊరే. 1968లో మహారాష్ట్ర విడిచి వెళ్లవలసి వచ్చిన స్పెయిన్ దేశస్థుడు, పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ ఆ మరుసటి ఏడాది వచ్చి స్థిరపడింది అనంతపురంలోనే. పరదేశి అన్న మాట వినగానే మాకు దొంగ గుర్తుకు రాడు.

ఇంకొక్కటి మీ అమ్మాయిని అడగండి. శిక్షణ జీతం తీసుకునే సిబ్బందికే ఇచ్చారా, సాయంత్రాలు తలుపు దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డుకు, పుస్తకాలు సర్దే వాలంటీర్లకు, శుభ్రం చేసేవారికి కూడా ఇచ్చారా? అధికారం ఉన్నట్టు కనబడే ఎవరైనా ‘రండి సార్’ అని లోపలి తలుపు తీస్తే దాన్ని లైబ్రరీ ఒప్పుకోలుగా వాదించే అవకాశం ఉంది. డైరెక్టర్ ఉండని శని, ఆదివారాల్లో బాధ్యత ఎవరిదో, వారు దొరక్కపోతే పట్టణ న్యాయవాదికి ఏ నంబరుకు ఫోన్ చేయాలో కౌంటర్ లోపలివైపు అంటించి ఉండాలి. అది లేకపోతే ఈ వారమే డైరెక్టర్‌ను అడగమని చెప్పండి.