ఇంటి వీడియోలకు చవక క్యామ్‌కార్డర్ సరిపోతుందా?

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా చెల్లెలి కూతురి బారసాలలో, బిడ్డ చెవిలో పేరు చెబుతుండగానే ఫోన్ మెమొరీ నిండి రికార్డింగ్ ఆగిపోయినప్పటి నుంచి, ఇంటి వేడుకల కోసం విడిగా ఒక చిన్న క్యామ్‌కార్డర్ కొనాలని అనుకుంటున్నాను. బరంపురంలో ఒక దుకాణదారు, వాడిన సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 చూపించారు. అరచేతిలో ఇమిడిపోయింది, చేతిపట్టీలోనే యూఎస్‌బీ తీగ దాగి ఉండడం ముచ్చటగా అనిపించింది. 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్నందున, బడి వార్షికోత్సవంలో వెనుక వరుస నుంచి కూడా మా అబ్బాయి ముఖం స్పష్టంగా తీయవచ్చు.

నా సందేహమల్లా వెలుతురు గురించే. దీని సెన్సర్ (వెలుతురును గ్రహించి బొమ్మగా మార్చే భాగం) 1/5.8 అంగుళాలది, అంటే బాగా చిన్నది కాబట్టి తక్కువ వెలుతురే పట్టుకుంటుంది. దుకాణంలో చీకటి మూల వైపు తిప్పితే, బొమ్మంతా సన్నని ఇసుక చల్లినట్టు కనిపించింది. సాయంత్రం పెంకుటింట్లో ఒక్క బల్బు కింద మా మామ్మ పాడే మంగళహారతులను దాచుకోవాలన్నదే నా అసలు కోరిక కాబట్టి, ఈ లోపాన్ని తేలికగా తీసుకోలేకపోతున్నాను. పైగా దీనికి బయటి మైకు తగిలించే జాక్ లేదు. కెనాన్ లెజ్రియా హెచ్‌ఎఫ్ ఆర్806 అనే మరో క్యామ్‌కార్డర్‌కు ఆ సౌకర్యం ఉంది, కానీ ఇక్కడ ఎవరి దగ్గరా కనిపించలేదు.

ఈ సోనీ క్యామ్‌కార్డర్‌ను ఇంట్లో వాడినవారు దయచేసి చెప్పండి: అదనంగా ఒక ఎల్‌ఈడీ దీపం పెడితే చిత్రం మెరుగుపడుతుందా, నాలుగడుగుల దూరం నుంచి గొంతు స్పష్టంగా వస్తుందా? పాత బ్యాటరీ పటుత్వాన్ని దుకాణంలోనే పరీక్షించే పద్ధతి ఏదైనా ఉందా?