కొట్టంలో దొరికిన 62 బీటిల్: రంగు గీకెయ్యాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

చక్రం62:
మా పెదనాన్నగారి పాత కొట్టంలో ముప్పై ఏళ్లుగా గడ్డిమోపుల వెనక పడి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుని పోయిన నెల బయటికి లాగాం. 1962 మోడల్, 1200 ఇంజిన్, ఆరు వోల్టుల బ్యాటరీ. టైర్లు నాలుగూ చీలికలు పడ్డాయి, వెనక సీటు కింద బ్యాటరీ ఉండే చోట ఫ్లోర్ చిల్లుపడి నేల కనిపిస్తోంది, ఇంజిన్ తిరగడం లేదు. కానీ దుమ్ము కడిగాక చూస్తే ఫ్యాక్టరీలో వేసిన లేత నీలం రంగు అలాగే ఉంది. ముందు డిక్కీ మూత మీద అరిగి ప్రైమర్ బయటపడింది, మిగతా అంతా బాగానే ఉంది.

ఇంట్లో గొడవ ఇక్కడే. బాడీ విప్పేసి, రేకు దాకా గీకి, కొత్త పెయింట్ కొట్టించి షోరూమ్ బండిలా చేద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. నాకు మనసొప్పట్లేదు, కానీ ఎందుకని అడిగితే వాడికి గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

రెంచి:
మీ తమ్ముడిదే కరెక్టు. ఆరేళ్ల క్రితం నేనూ ఇలాంటి బండే తెచ్చి, పాత రంగే అందం అన్న మాటలు నమ్మి పైన వాక్స్ పట్టించి మురిసిపోయాను. ఒకరోజు టైరు మార్చడానికి జాక్ పెట్టి లేపితే తలుపు పడట్లేదు. కిందకి దూరి చూస్తే తలుపుల కింద రెండు వైపులా ఉండే హీటర్ చానళ్లని లోపల్నుంచి తుప్పు తినేసింది. వేడిగాలి వెళ్లే గొట్టాలే కదా అనుకుంటారు చాలామంది, బీటిల్‌లో బాడీ ఫ్లోర్ మీద కూర్చునేదే వాటి మీద. వేలితో పొడిస్తే పొడి రాలింది. అదే బండిలో అంతకుముందు వారం మా అమ్మని ఎక్కించుకుని వంద కిలోమీటర్లు తిరిగొచ్చాను, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

మొత్తం విప్పితే తప్ప తుప్పు ఎంత దూరం పాకిందో తెలియదు. విప్పాక ఎలాగూ కోయాలి, వెల్డింగ్ చేయాలి, అప్పుడు సగం పాత రంగు సగం కొత్త రంగు పెట్టుకుని ఏం చేస్తారు? ఇంకో మాట, ఇదేం ప్రపంచంలో ఒక్కగానొక్క కారు కాదు. బీటిల్స్ 2.15 కోట్లకు పైగా తయారయ్యాయి. ఒకదానికి రంగు మారిస్తే చరిత్రకి వచ్చే నష్టమేమీ లేదు.

ఎయిర్‌కూల్డ్_అక్క:
రెంచి తమ్ముడూ, నీ భయం నిజమే, కానీ రెండు వేరు వేరు విషయాలు కలిపేస్తున్నావు. కుళ్లిన చానల్ కోసి కొత్తది వెయ్యొద్దని ఎవరూ అనట్లేదు. చానల్ పాడైందని టాప్ మీద, తలుపుల మీద బాగున్న రంగు ఎందుకు గీకాలన్నదే ఇక్కడ ప్రశ్న.

నేను గీకినదాన్ని కాబట్టే అడుగుతున్నాను. నా మొదటి బండికి వెనక ఇంజిన్ మూత లోపలివైపు, ముందు ఓనర్ పెన్సిల్‌తో ఆయిల్ మార్చిన తేదీలూ, అప్పటి కిలోమీటర్లూ వరసగా రాసుకున్నాడు. పదిహేనేళ్ల లెక్క, ఒకే చేతిరాత, చివరికొచ్చేసరికి అక్షరాలు కాస్త వణికాయి. నేను దాన్ని మురికి అనుకున్నాను. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి పది నిమిషాల్లో మెరిసే రేకు చేసేశాను. ఫోటో కూడా తీయలేదు. ఆ బండిని తర్వాత చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నాకు మాత్రం ఆ మూత ఎత్తిన ప్రతిసారీ కడుపులో దేవినట్టుండేది. రంగు మళ్లీ కొట్టించుకోవచ్చు, ఆ పెన్సిల్ గీతలు ఎక్కడ దొరుకుతాయి?

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ట్యూరిన్ చార్టర్ అని ఒక పత్రం ఆమోదించింది. ముందు ఉన్నదాన్ని కాపాడటం చూడండి, రీస్టోరేషన్ తప్పనిసరైతేనే చేయండి, భద్రత కోసం ఏదైనా మార్చినా తర్వాత వెనక్కి తీసేలా ఉండాలి అన్నది దాని సారం. అలాగని బండిని అద్దాల గదిలో పెట్టమని చెప్పలేదు, నడపడం కూడా దాన్ని బతికించడమే అంటుంది. ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని మజ్జోరే సరస్సు అడుగున దశాబ్దాలు మునిగి ఉన్న బుగాటి బ్రెషియా కారుని 2009లో పైకి తీశారు. కొన్నాయన దానికి ఒక్క రేకు కూడా మార్చకుండా ఆ తుప్పుతోనే మ్యూజియంలో పెట్టాడు.

రెంచి:
అక్కా, బుగాటి సంగతి వేరు. అది నడిచే బండి కాదు, ఎవరూ అందులో పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోడ్డెక్కరు. ఫ్రాన్స్‌లో బయ్యోన్ అనే ఆయన సేకరించి షెడ్లలో దశాబ్దాలు పడేసిన కార్లని 2015లో పారిస్‌లో వేలం వేశారు, అవీ అంతే, దుమ్ముతో సహా అమ్ముడుపోయాయంటే వాటిలో ఫెరారీలూ మసెరాటీలూ ఉన్నాయి. ఆ కొలతతో మామూలు ఇంటి బండిని కొలిస్తే ఎలా?

ఎయిర్‌కూల్డ్_అక్క:
ఇంటి బండి కాబట్టే కొలవాలంటాను. ఫెరారీని కాపాడటానికి డబ్బున్నవాళ్లు క్యూ కడతారు. మామూలు బండి అయితే ప్రతివాడూ 'ఇంకో కోటి ఉన్నాయిలే' అని గీకుతాడు. అలా గీకగా గీకగా ఈరోజు మొదటి రంగుతో ఉన్న 62 బీటిల్ కనిపిస్తే ఆగి చూడాల్సి వస్తోంది. ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో రంగు ఎంత మందంగా వేసేవారో, తలుపు అంచుల్లో ఎలా వదిలేసేవారో ఇలాంటి బండి మీదే తెలుస్తుంది. కొత్తగా రీస్టోర్ చేసే నీలాంటివాళ్లకి కూడా పోల్చుకోవడానికి ఒకటి మిగలాలి కదా.

నాలుగో_గేరు:
రంగు గొడవ తర్వాత. చక్రం గారూ, ముందు ఆ ఇంజిన్‌కి బ్యాటరీ తగిలించి స్టార్టర్ కొట్టకండి, దయచేసి. పట్టేసిన పిస్టన్‌ని బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో తుప్పు వదిలించే ఆయిల్ పోసి వారం వదిలెయ్యండి, తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి చేత్తో ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెం కదపండి. కదలకపోతే మళ్లీ పోసి ఆగండి.

కదిలినా సంబరపడొద్దు. ఇది గాలితో చల్లబడే ఇంజిన్, ముప్పై ఏళ్లు కొట్టంలో ఉందంటే ఫ్యాన్ కవర్ లోపల ఎలుకలు గూడు కట్టే ఉంటాయి. సిలిండర్ల చుట్టూ ఉండే రెక్కల మధ్య ఆ చెత్త ఇరుక్కుంటే గాలి ఆడదు, బయటికి బాగానే నడుస్తున్నట్టుంటుంది, లోపల ఉడికిపోతుంది. ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు, కిందకి దించి రేకులన్నీ విప్పి చూడండి. ఎలుక పెంటికల్ని పొడిగా ఊడ్చొద్దు, తడిపి, మాస్కు పెట్టుకుని తుడవండి. బ్రేక్ డ్రమ్ముల్లో దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, ఆ కాలం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

ఇక పెట్రోల్ పైపు. ట్యాంకు ముందు, ఇంజిన్ వెనక, మధ్యలో ఇనుప గొట్టం, రెండు చివర్లా రబ్బరు ముక్కలు. బీటిల్స్ తగలబడేది ఎక్కువగా ఈ రబ్బరు వల్లే. పైకి బాగున్నా మార్చేయండి. బ్రేకుల హోసులు, వీల్ సిలిండర్లు, టైర్లు కూడా అంతే. వీటిలో ఒరిజినల్ అనే మాట ఎవరైనా ఎత్తితే నేను ఒప్పుకోను, అక్క ఎత్తినా సరే.

ఎయిర్‌కూల్డ్_అక్క:
నేనెందుకు ఎత్తుతాను? తీసిన పాత భాగాలకి చీటీ కట్టి డబ్బాలో దాచమంటాను, అంతే.

చక్రం62:
అందరికీ థాంక్స్. అక్క రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. వాడేం మాట్లాడకుండా వెళ్లి మన బండి ఇంజిన్ మూత ఎత్తి టార్చ్ వేసి చూశాడు. పెన్సిల్ రాతలేం లేవు. కానీ డ్రైవర్ తలుపు లోపలి అంచు మీద పెదనాన్న ఉంగరం ఒరుసుకుని రంగు ఒకే చోట గుండ్రంగా అరిగిపోయి ఉంది. వాడే పిలిచి చూపించాడు. టాప్, తలుపులు ముట్టుకోనని ఒప్పుకున్నాడు.

ఫ్లోర్ రెండు వైపులా మార్చాల్సిందే. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎడమ చానల్ కూడా లోపలికి దిగిపోయింది, కుడిది గట్టిగా ఉంది. ముందు మడ్‌గార్డులు రెండూ చొట్టలు పడి ఉన్నాయి, వాటికి మాత్రం కొత్త రంగు కావాలంటున్నాడు, దానిమీద ఇంకా తేలలేదు.

రెంచి:
మడ్‌గార్డులు బోల్టులతో బిగించేవే, చొట్టలు తీసి పాత రంగుతోనే పెట్టుకోండి, తర్వాత నచ్చకపోతే అప్పుడు కొట్టించొచ్చు. నేను మొత్తం విప్పమన్న మాట మీదే ఉన్నాను, కనీసం కుడి చానల్‌ని కూడా కింద నుంచి నాలుగైదు చోట్ల పొడిచి చూడండి, ఒక్కచోట చూసి వదలొద్దు.

ఇంకొకటి, ఇది మర్చిపోతే అంతా వృథా. ఎడమ చానల్ కోయకముందే తలుపు ఖాళీలో అడ్డంగా రెండు ఇనుప పైపులు వెల్డ్ చేయించండి. నేను చేయించలేదు, బాడీ వంగి తలుపు సందు పైన ఒకలా కింద ఒకలా వచ్చింది, మళ్లీ అంతా కోసి సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. పైపులు తగిలించే చోట రంగు కాలకుండా ఏం చేయాలో అక్కని అడగండి.