కొత్త పెరడు: సొర, గోంగూర పౌర్ణమిలోగా వేయాలా?

ఎడిసన్, న్యూజెర్సీ: అందరికీ నమస్తే. జనవరిలో వచ్చాం, అద్దె ఇల్లు. సొర, గోంగూర విత్తనాలు కొన్నాను. పౌర్ణమిలోగా వేయమంటున్నారు అత్తయ్యగారు. ఇంటినుంచి తెచ్చుకున్న క్యాలెండర్ చూసి వేయొచ్చా?

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ: అమ్మా, క్యాలెండర్‌లో ఉండేది ఇండియా టైమ్, యథాతథంగా తీసుకోకు. ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు తీసెయ్యాలి. అక్కడ రాత్రి 8కి అమావాస్య మొదలైతే మనకు ఆ ఉదయం 10:30కే. మా నాన్నగారు పాదులన్నీ శుక్లపక్షంలో, దుంపలు బహుళంలో పెట్టేవారు. నేనూ అంతే. కానీ మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటేదాకా ఏదీ బయట పెట్టొద్దు, ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) ఒక్క రాత్రి పడితే చాలు, సొర మొక్క నల్లబడిపోతుంది.

పిస్కాటవే: తిథి తర్వాత చూద్దువుగాని, ముందు ఓనర్‌ని అడుగు తల్లీ. మేం నోటిమాట నమ్మి లాన్ తవ్వి పందిరి వేశాం. ఆగస్టులో తీసేయమని ఉత్తరం వచ్చింది. అప్పటికి 11 కాయలు వేలాడుతున్నాయి, గోరు దిగేంత లేతవి. ఏడుస్తూ కోసి పంచాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు గడ్డి వేయించాలని డిపాజిట్‌లో 400 డాలర్లు కోశారు. ఈమెయిల్‌లో సరే అనిపించుకున్నాకే గునపం పట్టు. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే భూమిలో ఉన్న గ్యాస్, కరెంటు లైన్లకు ఉచితంగా గుర్తులు పెడతారు. ఒప్పుకోకపోతే 5 గ్యాలన్ల బకెట్లకు అడుగున చిల్లులు పెట్టి గోంగూర వేసుకో, బ్రహ్మాండంగా వస్తుంది.

డాలస్, టెక్సాస్: పక్షం కాదండీ, మన రైతులు విత్తేది కార్తె చూసి. కార్తె సూర్యుడి లెక్క, అందుకే మృగశిర ఏటా జూన్ 8 ప్రాంతంలోనే వస్తుంది. అదీ వానల కోసం. ఇక్కడ అంతదాకా ఆగితే ఎండకు టమాటా పూతంతా రాలిపోతుంది.

ప్లెయిన్స్‌బరో: డాలస్ ఎండలు ఆ అమ్మాయికెందుకండీ? మాకు రోహిణి కార్తెకి నేల వెచ్చబడుతుంది, సరిగ్గా సరిపోతుంది. పాదు పెట్టడానికి పక్షం చూడని ఇల్లు మా ఊళ్లో లేదు.

డాలస్: బీర రెండు పక్షాల్లోనూ వేసి చూశాను, తేడా లేదు. రాత్రంతా నానబెట్టినవే ముందు మొలిచాయి.

ఎడిసన్: ఓనర్‌కి ఇప్పుడే ఈమెయిల్ పెట్టాను. సొర గింజలు ఏప్రిల్ చివర్లో నానబెట్టి, కప్పుల్లో వేసి కిటికీ దగ్గర పెడతాను. బయట నాటేది మాత్రం మదర్స్ డే తర్వాత, పౌర్ణమిలోపే, అత్తయ్యగారి మాట ప్రకారం.