కాలి కట్టు సాయంత్రానికే జారిపోతోంది, ఏం చేయాలి?

నమస్కారమండీ. నేను కోనసీమలో ఏఎన్ఎంని. మా ఏరియాలో ఒక మామ్మగారికి చీలమండ పైన పుండు, ఏడాదిగా మానట్లేదు. ఊళ్ళో అంతా బోదకాలే అనుకున్నారు (మా వైపు కాలు వాస్తే ముందొచ్చే మాట అదే). టౌన్‌లో డాక్టరుగారు డాప్లర్ (రక్తప్రసరణ చూసే పరికరం) పెట్టి చూసి, ధమనులు బాగున్నాయి, ఇది సిరల పుండు, ఒత్తిడి కట్టు కట్టమన్నారు.

చీలమండ దగ్గర 40 ఎంఎం (పాదరసం, బీపీ కొలత లాగే) ప్రెషర్, మోకాలి కిందకొచ్చేసరికి అందులో సగం ఉండాలని తెలుసు. పాదం నిటారుగా నిలిపి, వేళ్ళ మొదలు నుంచి, ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పేలా కడుతున్నాను. అయినా సాయంత్రానికి చీలమండ దగ్గర కుప్పపడిందని కోడలు ఫొటో పంపుతోంది. మొన్న విప్పితే తాడు బిగించినట్టు ఎర్రటి గాడి. భయమేసింది. ఆవిడ చీలమండ సన్నం, పిక్క లావు, తిరగేసిన సీసాలా ఉంటుంది. పైగా ఈ ఉక్కకి చెమట.

సన్నటి చోట దూది ఎంత మందం వేస్తున్నారు? 8 ఆకారంలో చుడితే నిలుస్తుందా? మామూలు క్రేప్ కట్టు మానేసి షార్ట్ స్ట్రెచ్ (తక్కువ సాగే కట్టు) కొనిపించమంటారా? అన్నిటికన్నా ముఖ్యం, ప్రెషర్ కొలిచే పరికరం లేకుండా ఒకే లాగుడు చేతికి ఎలా అలవాటైంది మీకు? ఇంట్లో మా ఆయన కాలి మీద ప్రాక్టీసు చేస్తున్నాను గానీ, అది వెదురుబొంగు, ఎలా కట్టినా నిలుస్తుంది.

వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పేయమని కోడలికి చెప్పాను. మళ్ళీ శుక్రవారం కట్టాలండీ.