అప్‌డేట్: మామిడికాయ ముక్కల తగవు తీరింది

చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలన్న మాట మీద మా నాన్నగారు, ఆయనకు 40 ఏళ్ల స్నేహితుడైన పక్కింటి బాబాయి మాటలు మానేశారని, ఏం చేయాలో చెప్పమని నెల క్రితం మిమ్మల్ని అడిగాను. ఇద్దరిచేతా వండించమన్న సలహానే పాటించాను.

మొన్న ఆదివారం నెల్లూరులోని మా పెరట్లో రెండు మట్టి దాకలు పొయ్యిలెక్కాయి. పులుసు బాగా మరిగాకే ముక్కలు వేయాలని నాన్నగారు, చింతపండు రసంతో పాటే వేయాలని బాబాయి పట్టుబట్టి, ఒకరి దాక వైపు ఒకరు చూడకుండా వండారు. మన పులుసుకు మరునాడే అసలు రుచి వస్తుంది కనుక తీర్పును సోమవారానికి వాయిదా వేశాం. ఆ రాత్రి అమ్మ, చోటు చాలక, రెండింటినీ ఒకే గిన్నెలోకి ఒంపేసింది!

పొద్దున వచ్చిన ఇద్దరూ ఆ గిన్నెను చూసి నిర్ఘాంతపోయారు గానీ, వేడి అన్నంలో కలుపుకుని తిన్నారు. సగం ముక్కలు కరిగి పులుసు చిక్కబడింది, మిగతా సగం గట్టిగా నిలిచి పంటికి పుల్లగా తగిలాయి. “ముల్లు చూసుకో అబ్బయా” అని బాబాయి నాన్నగారితో అన్నదే నెల తరువాత వారి మధ్య తొలి మాట. నాకు కళ్లు చెమర్చాయి.