మట్కా చీటీకీ ఉగ్రవాద చర్యకూ మధ్య దూరం ఒక్క సెక్షనేనా?

ప్రశ్న: పత్తి గుమాస్తా, పాంఢర్‌కవడా

మా ఊరి బస్‌స్టాండ్ పక్కన పాన్ ఠేలా నడిపే ఒకాయన పదిహేనేళ్లుగా మట్కా చీటీలు రాస్తున్నాడన్నది ఇక్కడ ఎవరికీ రహస్యం కాదు. ఏడాదికి రెండు మూడు సార్లు పోలీసులు వచ్చి మహారాష్ట్ర జూద నిరోధక చట్టంలోని 12(అ) కింద కేసు రాసుకోవడం, గల్లాలోని చిల్లర జప్తు చేయడం, అతను సాయంత్రానికల్లా జామీను మీద వచ్చి మళ్లీ ఆకులకు సున్నం రాసుకుంటూ కూర్చోవడం మాకు అలవాటైన తంతు. ఈసారి మాత్రం అదే కేసుకు భారతీయ న్యాయ సంహితలోని 112వ సెక్షన్‌ను కూడా జోడించారు. దాని పేరు చిన్న తరహా వ్యవస్థీకృత నేరం. శిక్ష ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల వరకు. అతను జైలుకు వెళ్లి ఈ రోజుకు పదకొండు రోజులు. పంచనామాలో చూపించిన సొత్తు మూడు చీటీలు, ఒక బాల్‌పెన్ను, 1,340 రూపాయలు.

సంహిత తెరిచి చూస్తే 111వది వ్యవస్థీకృత నేరం, 112వది దాని చిన్న రూపం, 113వది ఉగ్రవాద చర్య. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పీఠికలోనైతే, డబ్బు పెట్టి ఆడే ఆటలకు మోసాలతో, పన్నుల ఎగవేతతో, కొన్ని సందర్భాల్లో ఉగ్రవాదానికి నిధులు సమకూర్చడంతో సంబంధం ఉందని నేరుగానే రాశారు.

నేను జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాస్తాను కాబట్టి నాకు ఇంకో సందేహం కూడా ఉంది. మట్కా పుట్టిందే పత్తి ధరల మీద. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీ నుంచి బొంబాయికి వచ్చే ప్రారంభ ధర, ముగింపు ధర మీద పందెం కాసేవారు. ఆ ధరలు రావడం ఆగిపోయాక 1960ల తొలినాళ్లలో కుండలోంచి అంకెలు తీయడం మొదలైంది. ‘ఓపెన్’, ‘క్లోజ్’ అనే మాటలు ఆనాటివే. మా సేఠ్ పత్తి వాయిదా వ్యాపారంలో ఒక్క మధ్యాహ్నం పోగొట్టుకునే సొమ్ము ఆ పాన్ ఠేలా ఏడాది రాబడి కన్నా ఎక్కువ. ఆయనకు మాత్రం దలాల్ దగ్గర నుంచి దీపావళికి మిఠాయి డబ్బా వస్తుంది. చట్టం ఏది జూదమో, ఏది వ్యాపారమో, ఏది దేశభద్రతకు ముప్పో ఏ కొలతతో తేల్చుతుంది? 112వ సెక్షన్ ఈ కేసులో నిలుస్తుందా?

జవాబు 1: చంద్రపూర్ వకీలు

ముందు మీ పాన్ ఠేలా సంగతి. 112వ సెక్షన్ వర్తించాలంటే నిందితుడు ఒక ముఠాలో సభ్యుడై ఉండాలి. ఒంటరిగా చేసినా నేరమే, అయితే ముఠా సభ్యుడిగా చేసి ఉండాలి. మూడు చీటీలు రాసిన చేతిని చూపిస్తే చాలదు. ఆ చీటీలు ఎవరికి చేరుతున్నాయో, పై బుకీ ఎవరో, డబ్బు ఏ దారిన పోతోందో చూపించాలి. ఎఫ్‌ఐఆర్‌లో ‘పై వ్యక్తి’ పేరు లేకపోతే జామీను దరఖాస్తులో మొదట ఎత్తి చూపాల్సిన లోపం అదే. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు రాతపూర్వకంగా చెప్పాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 35(3) నోటీసు. ఆ నోటీసు ఇచ్చారో లేదో వెంటనే కనుక్కోండి.

ఇక ఆన్‌లైన్ గేమింగ్ చట్టం పీఠిక సంగతి. అందులో రాసిన మాటను ఏ ప్రాసిక్యూటరూ ఏ కోర్టులోనూ రుజువు చేయనవసరం లేదు, ఎందుకంటే అది నేరం కాదు, చట్టం ఎందుకు చేశారో చెప్పే వివరణ మాత్రమే. మరి ఎందుకు రాశారు? నా అనుమానం ఇది. పందేలు, జూదం రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం. కేంద్రం ఆ రంగంలోకి రావడానికి వేరే ఆధారం వెతుక్కోవాలి, దేశభద్రత అనే మాట అక్కడ అక్కరకు వస్తుంది. చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి బదిలీ చేసుకుంది. ఈ ప్రశ్న అక్కడే తేలాలి. ఆ చట్టం ఆటగాడిని శిక్షించదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆట నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్లు, 50 లక్షలు.

బెట్టింగ్‌కు పెద్ద చట్టం తొడగడం కొత్తేమీ కాదు. 2013లో ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో ఢిల్లీ పోలీసులు మన మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల నియంత్రణ చట్టమైన మకోకాను ప్రయోగించారు. క్రికెటర్లు, బుకీలు కలిసి దావూద్ ముఠాకు పనిచేశారన్నది ఆరోపణ. మకోకాలో జామీను దాదాపు అసాధ్యం. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుంది. 2015 జులైలో ట్రయల్ కోర్టు శ్రీశాంత్‌తో సహా 36 మందిపై ఆరోపణలు మోపడానికే తగిన ఆధారం లేదని కొట్టివేసింది. ఆ మకోకాకైనా ముందు డీఐజీ స్థాయి అధికారి ఆమోదం, ఆ తరువాత అదనపు డీజీపీ అనుమతి కావాలి. 113 కింద కేసు పెట్టాలా, ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కింద పెట్టాలా అన్నది ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయించాలి. 112కు అలాంటి తనిఖీ ఏదీ లేదు, స్టేషన్‌లో రాసేవారి కలం చాలు. నన్ను కలవరపెట్టేది అదే.

జవాబు 2: సిరొంచ మాస్టారు (విశ్రాంత ఉపాధ్యాయుడు)

వకీలు గారు చెప్పిన అనుమతి, ఆమోదం అనే తనిఖీలు కాగితం మీద ఉన్నంత గట్టిగా ఆచరణలో ఉండవని మా జిల్లా కోర్టులో నడిచిన కేసే చూపించింది. అమలాపురం దగ్గర పుట్టిన ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జి.ఎన్.సాయిబాబా గారిని మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణతో 2014 మేలో ఢిల్లీలో అరెస్టు చేశారు. ఉపా చట్టం ప్రకారం ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి ఉండాలి. సాక్ష్యాన్ని సమీక్షించే అధికారికి ఏడు పనిదినాలు, ఆ తరువాత ప్రభుత్వానికి ఏడు పనిదినాలు గడువు. ఆయన విషయంలో ఆ అనుమతి చేతికి రాకముందే ఆరోపణలు ఖరారయ్యాయి. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం అనుమతి లోపం కారణంగా విడుదల చేయమంటే, మరునాడే, శనివారం నాడు, సుప్రీంకోర్టు కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. మళ్లీ విన్న హైకోర్టు 2024 మార్చి 5న అందరినీ నిర్దోషులని ప్రకటించింది. ఇంటర్నెట్ నుంచి సాహిత్యం దింపుకోవడం దానంతట అదే నేరం కాదని కూడా చెప్పింది. ఈలోగా సహనిందితుల్లో ఒక ఆదివాసీ యువకుడు ఖైదీగా ఉండగానే చనిపోయాడు. సాయిబాబా గారు విడుదలైన ఏడు నెలలకు హైదరాబాదులో కన్నుమూశారు.

2025 జులైలో పది రోజుల వ్యవధిలో వచ్చిన రెండు తీర్పులు కూడా చూడండి. 2006 ముంబయి రైలు పేలుళ్ల కేసులో, ఐదుగురికి ఉరితో సహా 2015లో శిక్ష పడిన 12 మందినీ హైకోర్టు జులై 21న నిర్దోషులని తేల్చింది. మకోకా కింద తీసుకున్న వాంగ్మూలాలను న్యాయమూర్తులు నమ్మలేదు. జులై 31న 2008 మాలేగావ్ పేలుడు కేసులో ఏడుగురూ నిర్దోషులుగా బయటపడ్డారు. ఒక కేసులో నిందితులు ముస్లింలు, రెండో కేసులో హిందువులు కాబట్టి మా ఊరి రచ్చబండ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో తీర్పుకు సంతోషించి రెండోదానికి మండిపడ్డారు. రెండు కేసుల్లోనూ చనిపోయినవారి ఇంటివాళ్లకు ఎవరు చంపారన్న జవాబు ఇప్పటికీ లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. కఠిన చట్టం ఉంటే దర్యాప్తు గట్టిపడుతుందంటారు. నేను చూసినంతలో వాంగ్మూలం చేతికందే చోట వేలిముద్ర కోసం ఎవరూ వంగరు.

పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ లెక్క ప్రకారం 2015 నుంచి 2020 వరకు ఉపా కింద 8,371 మందిని అరెస్టు చేస్తే శిక్ష పడింది 235 మందికి.

జవాబు 3: కిన్వట్ తమ్ముడు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. ఆ చివరి లెక్కను అందరూ ‘నూటికి ముగ్గురికి కూడా శిక్ష పడలేదు’ అని చదువుతారు. ఆ ఏళ్లలో అరెస్టయినవారూ ఆ ఏళ్లలో శిక్ష పడినవారూ ఒకే మనుషులు కారు. చాలా మంది విచారణ అప్పటికి మొదలే కాలేదు. ఆ అంకె దోషులు కారని చెప్పదు, ఎంతకాలం ఆగాలో చెబుతుంది. నిజానికి అది ఇంకా పెద్ద ఫిర్యాదు, కానీ వేరే ఫిర్యాదు.

ఆన్‌లైన్ ఆటల నిషేధం విషయంలో మాత్రం నేను మీ అందరితో లేను. తెలంగాణ 2017లోనే రమ్మీకి కూడా తలుపు మూసింది. ఇటు మహారాష్ట్రలో నైపుణ్యం ఆట అన్న మినహాయింపు మిగిలింది. సాయంత్రమైతే ఆదిలాబాద్ వైపు కుర్రాళ్లు పెన్‌గంగ వంతెన దాటి వచ్చి, ఇవతలి ధాబా దగ్గర బండ్లు స్టాండు వేసి, సీటు మీదే కూర్చుని ఫోన్లలో రమ్మీ ఆడేవారు. అవతల తెరుచుకోని యాప్ ఇవతల తెరుచుకునేది. మా బాబాయి కొడుకు అక్కడే రెండెకరాల కౌలు డబ్బు పోగొట్టుకున్నాడు. ఉగ్రవాదం మాట అబద్ధమే కావచ్చు. ఆ ధాబా ఇప్పుడు ఖాళీగా ఉందన్నది నిజం.

జవాబు 4: రాజురా రైతుబిడ్డ

గుమాస్తా గారు అడిగిన కొలత సంగతి ఎవరూ ముట్టుకోలేదు. (మా రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. సరిహద్దు గీత జరిగితే చట్టం కూడా జరుగుతుందని మా తాతల నాటి నుంచే తెలుసు.) 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ పందెపు ఒప్పందం చెల్లదంటుంది. వాయిదా వ్యాపారం దాన్ని తప్పించుకునేది సరుకు అప్పగించే వీలు ఉందన్న కారణంతో. పంట చేతిలో ఉన్న రైతుకు అది నిజంగా రక్షణే. షేరు సూచీ మీద ఆప్షన్లు కొనే కుర్రాడు మాత్రం ఏ సరుకు అప్పగిస్తాడు? 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ స్వయంగా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే ప్రకటించింది. ‘రేపు వాన పడుతుందా, అవునా కాదా’ అని పందెం కాయించే ఒపీనియన్ ట్రేడింగ్ యాప్‌లను మాత్రం అదే సెబీ 2025 ఏప్రిల్‌లో ‘మా పరిధిలోవి కావు’ అంది. ఆగస్టు చట్టం వచ్చాక అలాంటి వాటిలో పేరున్న ప్రోబో డబ్బు ఆట ఆపేసింది. అమెరికాలో ఇదే తరహా పందేలు నడిపే కల్షీ 2024లో నియంత్రణ సంస్థ మీద కోర్టులో గెలిచి ఎన్నికల మీద కూడా పందేలు తెరిచింది.

ఉగ్రవాదమూ పందేలూ నిజంగానే ఒక చోట కలిశాయి, అదీ ప్రభుత్వం చేతుల మీదుగానే. 2003లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా, పశ్చిమాసియాలో ఏం జరగబోతోందో జనం పెట్టే పందేల నుంచి అంచనా వేద్దామని ఒక మార్కెట్ సిద్ధం చేసింది. దాడులు, హత్యల మీద కూడా పందెం కాయవచ్చన్న సంగతి జులై 28న ఇద్దరు సెనెటర్లు బయటపెట్టడంతో మరునాడే రద్దు చేశారు. పందెం కాసేవాడికే బాంబు పెట్టేవాడు తెలిసి ఉంటే ఎలా అన్న ప్రశ్నకు వారి దగ్గర సరైన జవాబు లేకపోయింది.

ప్రశ్న అడిగినవారి నుంచి: పత్తి గుమాస్తా, పాంఢర్‌కవడా

వకీలు గారికి కృతజ్ఞతలు. 35(3) నోటీసు ఇవ్వలేదు, ఎఫ్‌ఐఆర్‌లో పై వ్యక్తి పేరు కూడా లేదు. ఈ రెండూ రాసి దరఖాస్తు వేస్తే పద్నాలుగో రోజున జామీను దొరికింది. 112 మాత్రం ఇంకా తీసేయలేదు. తమ్ముడూ, మీ బాబాయి కొడుకు మాట చదివాక నేను కొంత తగ్గాను. మా మిల్లు హమాలీల్లోనూ ఫోన్‌లో కూలి డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఠేలా మళ్లీ తెరిచాడు. జప్తు చేసిన 1,340 రూపాయల్లో సగం ఆకులు, వక్కలు అమ్మిన డబ్బేననీ, అది తిరిగి ఇప్పించమనీ అడుగుతున్నాడు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు, స్టాంపుకూ రాతకూ కలిపి 500 అవుతుందట.