అప్‌డేట్: శాన్ స్టార్మ్ సైలెన్సర్ తుప్పు సమస్య తీరింది

మా పాత శాన్ స్టార్మ్ (రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు)కి సైలెన్సర్ తుప్పుపట్టి ఒకటే మోత, పొగ గొట్టం లైను మొత్తం మార్చాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్. ఒరిజినల్ పార్టు ఎక్కడా దొరకలేదు. "పాతదాని కొలతకి చేయించండి" అన్న మాటే పనికొచ్చింది. రాణిగంజ్‌లో ఒక మేస్త్రీ పాత పైపు పక్కన పెట్టుకుని, వంపుకి వంపు చూసుకుంటూ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తది కట్టాడు. ఎంత ఓపికో! పాత సైలెన్సర్ వెనక డబ్బా కోసి చూపిస్తే లోపలంతా నీళ్లు, ఎర్రటి పెచ్చులు. దగ్గర తిరుగుళ్లకే వాడితే పైపు సరిగ్గా వేడెక్కక, పొగలోని ఆవిరి నీరై అక్కడే నిలిచిపోతుంది. మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను పైపులోకి పంపే భాగం), పొగ గొట్టంలోని సెన్సర్ మీద అనుమానాలు అనవసరం, రెండూ బాగున్నాయి. గాస్కెట్లు (అతుకుల దగ్గర పొగ లీకవకుండా వేసే సీళ్లు), పైపుని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు మాత్రం కొత్తవే వేయించండి. తుప్పుపట్టిన బోల్టులతో కుస్తీ వద్దు, గ్రైండర్‌తో కోయించేయండి.